మాటుంగాలో 1930ల నాటి ఫ్లాట్: పుష్కరం గడిచాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. అద్దె కోసం కొనేవాళ్లు, అయిదేళ్లలో అమ్మేసి లాభం చూసుకుందామనుకునేవాళ్లు ముంబైలో పాత బిల్డింగ్ జోలికి రావద్దు. కాగితాలు ఆసాంతం చదివే ఓపిక, సొసైటీ సభ్యులందరి జనరల్ బాడీ మీటింగుల్లో చివరిదాకా కూర్చునే ఓపిక, వానలకు ముందొకసారి తర్వాతొకసారి వెళ్లి గోడలు తడిమి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి ఇల్లు ఈ ఊళ్లో దొరకదని నా గట్టి నమ్మకం. మేం కొని పుష్కరం దాటింది. మొదట్లో మేమే ఉన్నాం, తర్వాత నా ఉద్యోగం నవీ ముంబై వైపు మారడంతో అద్దెకిచ్చాం. అందుకని ఇంట్లో ఉన్నవాడిగానూ, అద్దెకిచ్చినవాడిగానూ రెండు వైపుల నుంచీ చెప్పగలను.

బిల్డింగ్ 1930లలో కట్టింది, కింగ్స్ సర్కిల్‌కి నడిచిపోయే దూరం. దాదర్, మాటుంగా, వడాలా చుట్టుపక్కల ఈ కాలనీలు దానంతటవే పెరిగినవి కావు. 1896లో ప్లేగు వచ్చి బొంబాయిని అల్లకల్లోలం చేశాక, 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టారు. ఇరుకు గల్లీల్లోని జనానికి గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు కావాలని ఊరికి ఉత్తరాన ముందు రోడ్లు, పార్కులు గీసి ఆ తర్వాతే ప్లాట్లు లీజుకిచ్చారు. 1933లో ఆ ట్రస్టు మున్సిపల్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఈ చరిత్ర కొనేవాళ్లకు రెండు రకాలుగా తగులుతుంది. ఒకటి, వెడల్పాటి రోడ్లు, ఫైవ్ గార్డెన్స్, బిల్డింగ్‌కీ బిల్డింగ్‌కీ మధ్య ఖాళీ, అన్నీ ఇప్పటికీ ఉన్నాయి, ఎండాకాలం మధ్యాహ్నం కూడా హాల్లో ఫ్యానుతోనే గడిచిపోతుంది. రెండోది, ఇక్కడ చాలా ప్లాట్ల కింద నేల ఇప్పటికీ కార్పొరేషన్‌దే, మనది లీజు మాత్రమే. లీజు ఎన్నేళ్లది, ఎప్పుడు అయిపోతుంది, ఎవరి పేరున ఉంది, షరతులేమిటి అని చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మేం కొనేముందు లాయరు అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది దీనిమీదే, ఫీజు ఇచ్చినందుకు ఫలితం దక్కింది అనిపించింది కూడా ఇక్కడే.

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లకు ఇక్కడి పద్ధతి కొంచెం కొత్తగా ఉంటుంది. అక్కడ మన పేరున నేలలో ఇన్ని గజాల అన్‌డివైడెడ్ షేర్ అని రిజిస్ట్రేషన్‌లో రాస్తారు. ఇక్కడ బిల్డింగ్ హక్కు కోఆపరేటివ్ సొసైటీది, మనం సొసైటీలో సభ్యులం, మన చేతికొచ్చేది అగ్రిమెంటు, దాంతోపాటు షేర్ సర్టిఫికెట్. ఆ చిన్న కాగితం మీద రాసే ముఖవిలువ షేరుకి 50 రూపాయలు. దాని వెనక పేజీలో ఎవరి నుంచి ఎవరికి మారిందో వరసగా రాసి ఉంటుంది. అమ్మేవాళ్ల పేరు దాకా ఆ వరసలో ఎక్కడా తెగకుండా వచ్చిందా అని చూడండి. ఇంటి పెద్ద పోయాక వారసుల పేరు ఎక్కించని ఫ్లాట్లు పాత బిల్డింగుల్లో బోలెడు.

ఇక పగ్డీ. తక్కువ ధరకి దక్షిణ ముంబైలో పాత ఇల్లు అని ఎవరైనా అన్నారంటే అది చాలావరకు పగ్డీ ఇల్లే. అక్కడ మనం కొనేది ఇల్లు కాదు, కిరాయి హక్కు. 1947 నాటి అద్దె చట్టం కింద చాలా పాత ఇళ్ల అద్దెలు 1940 సెప్టెంబర్ స్థాయిలో ఆగిపోయాయి. దాంతో యజమానులకు మరమ్మతు చేయించే ఆసక్తి పోయింది, ఇళ్లు చేతులు మారేటప్పుడు మాత్రం పెద్ద మొత్తాలు చాటుగా చేతులు మారాయి. 2000 మార్చి 31న అమల్లోకి వచ్చిన మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం ఆ మొత్తాన్ని తీసుకోవడాన్ని చట్టబద్ధం చేసి, ఏడాదికి 4 శాతం అద్దె పెంచుకోనిచ్చింది. అయినా పగ్డీ ఇల్లు అమ్మాలంటే యజమాని ఒప్పుకోవాలి, ఒప్పుకున్నందుకు అమ్మకం ధరలో మూడో వంతు దాకా ఆయనకి ఇవ్వడం ఆనవాయితీ. బ్యాంకు లోను దాదాపు దొరకదు. తరతరాలుగా అందులోనే ఉంటున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకది ఇల్లు. బయటినుంచి పెట్టుబడిగా వెళ్లేవాళ్లకి మాత్రం నేను వద్దనే అంటాను.

మాది సొసైటీ బిల్డింగ్. అయినా లోను దగ్గర తిప్పలు తప్పలేదు. బ్యాంకు పంపిన ఇంజినీరు వచ్చి ఈ బిల్డింగ్‌కి ఇంకెన్నేళ్ల ఆయుష్షు ఉందో రాస్తాడు, లోను కాలం అంతకంటే బాగా తక్కువ ఉండాలంటారు. దాంతో ఈఎంఐ పెరుగుతుంది. ముంబైలో 30 ఏళ్లు దాటిన ప్రతి బిల్డింగ్‌కీ స్ట్రక్చరల్ ఆడిట్ (ఇంజినీరుతో కట్టడం బలం పరీక్ష) తప్పనిసరి కాబట్టి ఆ రిపోర్టు సొసైటీ దగ్గర ఉండి తీరాలి. అడిగి తీసుకోండి. అందులో చివరి మాటగా ఒక కేటగిరీ ఉంటుంది. సీ1 అంటే ఖాళీ చేసి కూల్చాల్సిందే, సీ2 అంటే పెద్ద మరమ్మతులు (అందులోనూ సీ2ఏ అయితే ఖాళీ చేయించి చేయాలి, సీ2బీ అయితే మనుషులు ఉండగానే చేయొచ్చు), సీ3 అంటే చిన్న మరమ్మతులు. రిపోర్టు చూపించడానికి సెక్రటరీ నసిగితే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

ఇప్పుడు అసలైన విషయం, రిపేర్లు. మా వంటింటి బాల్కనీ కింది భాగం పెచ్చులూడటం మొదలైంది. సొసైటీ పెట్టిన కాంట్రాక్టరు ఊడిన చోట సిమెంటు మెత్తి, రంగు వేసి, బిల్లు తీసుకుని వెళ్లిపోయాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అదే చోట ఇంకా పెద్ద పెచ్చు ఊడి కింద సైకిళ్లు పెట్టేచోట పడింది. రాత్రిపూట పడింది కాబట్టి సరిపోయింది, పిల్లలు ఆడుకునే వేళ అయితే ఏమయ్యేదో. ఆ తర్వాత వచ్చిన ఇంజినీరు పనితీరు నేను పక్కనే నిలబడి చూశాను. చిన్న సుత్తితో స్లాబు అంతా జానెడు జానెడు కొట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల డొల్లగా ఉన్నచోట డబడబమంటుంది. డొల్ల మోగిన ప్రతి చోటా సుద్దముక్కతో గీసుకుంటూ పోతే, పైకి శుభ్రంగా కనిపించే స్లాబులో సగం మేర గీతలే. పగలగొట్టి చూస్తే ఊచలు పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉన్నాయి. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెట్టేస్తుంది, సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. పైన ఎంత సిమెంటు మెత్తినా ఆ నెట్టడం ఆగదు. తుప్పంతా వైరు బ్రష్‌తో గీకి ఊచ మెరిసేదాకా తేవాలి, మరీ సన్నబడ్డచోట పక్కన కొత్త ఊచ కట్టాలి, తుప్పు ఆపే పూత వేయాలి, అప్పుడు పాలిమర్ మోర్టార్‌ని పొరలుగా వేసి తడి గోనెలు కప్పి ఆరనివ్వాలి. ఖర్చు మొదటి దానికి ఎన్నో రెట్లు. ఆ పని చేసిన చోట ఇప్పటిదాకా నెర్రె కూడా రాలేదు.

గోడల సంగతి ఇంకొకటి. మా లోపలి గోడలు ఇటుకతో కట్టి సున్నం గార పెట్టినవి. పెయింటరు వచ్చి పుట్టీ, దానిమీద ప్లాస్టిక్ పెయింటు వేద్దామంటాడు, అద్దంలా వస్తుందంటాడు. వస్తుంది కూడా, జూన్ దాకా. సున్నపు గోడ చెమ్మని పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది, దాన్ని ప్లాస్టిక్ పొరతో మూసేస్తే చెమ్మ బయటికి రాలేక పెయింటుని బుడగలుగా లేపుతుంది. మా పక్క ఫ్లాటు వాళ్లు ప్రతి దీపావళికీ రంగులు వేయించుకోవడం వెనక ఉన్నదిదే. మేం సున్నంతోనే గార వేయించాం. తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం, దొరికాక మాత్రం పని సులువు.

డ్రెయిన్ పైపు జాయింట్ల దగ్గర మొలిచే రావి మొక్కల్ని మాత్రం బెత్తెడు ఉన్నప్పుడే వేళ్లతో సహా తీయించండి. పైన కత్తిరిస్తే లాభం లేదు, వేరు గోడలోకి ఇంకా లోతుగా పోతుంది.

ఇంత పని పెట్టే ఇంటిని ఎందుకు పట్టుకుని ఉన్నానంటే, ఆ పనితనం మళ్లీ ఎవరూ చేయరు కాబట్టి. మెట్లదారిలో టెర్రాజో (రాతి ముక్కలు సిమెంటులో కలిపి పాలిష్ పెట్టిన నేల) పనికి ఎనభై ఏళ్లకు పైబడిన పాదాల అరుగుదల ఉన్నా ఎక్కడా పగుళ్లు లేవు. తలుపులు బర్మా టేకు, ముంబై వానల్లోనూ ఉబ్బవు, బిగుసుకోవు. కిటికీల పైన వంపు తిరిగి మూలల చుట్టూ సాగిపోయే సన్‌షేడ్లు చూడటానికి అందమే కాదు, ఏటవాలు వానని నిజంగా ఆపుతాయి. కప్పు ఎత్తు వల్ల చిన్న గది కూడా ఇరుకనిపించదు. మేం అక్కడున్న రోజుల్లో కాకినాడ నుంచి వచ్చినప్పుడల్లా మా అమ్మ ఆ బాల్కనీలో కూర్చుని కూరలు తరుగుతూ, మీ కొత్త ఆఫీసు వైపు ఆ గాజు పెట్టెల్లోకి మాత్రం నన్ను తీసుకెళ్లకురా అనేది. నన్నడిగితే మా సొసైటీలో హాల్లో మొజాయిక్ పీకేసి విట్రిఫైడ్ టైల్స్ వేయించుకున్నవాళ్లు చేతిలో ఉన్న ఆస్తిని తగ్గించుకున్నట్టే. పాతది రుద్ది పాలిష్ పెట్టించడానికి అయ్యే ఖర్చు కొత్త టైల్స్ కంటే తక్కువ.

డబ్బు లెక్కకి వద్దాం. ముంబైలో ఇంటి ధరతో పోలిస్తే వచ్చే అద్దె తక్కువే, పాత బిల్డింగ్‌లో మరమ్మతులు పోను ఇంకా తగ్గుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. పెద్ద మరమ్మతుల కోసం సొసైటీ దాచే సింకింగ్ ఫండ్‌ని నిబంధనల ప్రకారం నిర్మాణ ఖర్చు మీద ఏడాదికి కనీసం 0.25 శాతం చొప్పున వసూలు చేస్తారు. నిర్మాణ ఖర్చు అంటే 1930ల నాటి ఖర్చు! జనరల్ బాడీ తీర్మానం చేసి పెంచుకోకపోతే ఆ ఫండ్‌లో పెద్ద రిపేరుకి సరిపడే డబ్బు ఎప్పటికీ పోగవదు. అందుకే పాత సొసైటీల్లో ఒక్కసారిగా లక్షల్లో ప్రత్యేక వసూలు నెత్తిన పడుతుంది. మా దగ్గరా పడింది, రిటైరైన ఇద్దరు ముగ్గురు కట్టలేమంటే పని ఆగిపోయి ఒక వానాకాలమంతా టెర్రస్ మీద నీలం టార్పాలిన్‌తో గడిపాం. తర్వాత అందరం కూర్చుని నెలనెలా కట్టే మొత్తం పెంచుకున్నాం. కొనేముందు సొసైటీ బ్యాలెన్స్ షీటు అడగండి, రిపేరు ఫండ్ ఎంతుందో, ఎవరెవరు బకాయి ఉన్నారో అందులో కనిపిస్తుంది.

ట్యాక్స్ దగ్గర కూడా ఇదే కథ. అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను తీసేసి మిగిలినదాంట్లో 30 శాతం తగ్గింపు ఇస్తారు. నిజంగా ఆ ఏడాది అద్దె మొత్తం రిపేరుకే పోయినా ఆ 30 శాతమే, బిల్లులు చూపించినా పైన ఒక్క రూపాయి రాదు. అయినా బిల్లులు పారేయకండి. రేపు అమ్మేటప్పుడు వాటిలో ఏది మూలధన ఖర్చుగా చూపొచ్చో ఆడిటరు చెప్తారు.

అద్దెకి మాత్రం ఈ పేటలో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. సెంట్రల్ లైన్‌లో మాటుంగా, వెస్టర్న్‌లో మాటుంగా రోడ్, హార్బర్‌లో కింగ్స్ సర్కిల్, మూడు లైన్లూ అందుబాటులోనే. వీజేటీఐ, పాత యూడీసీటీ (ఇప్పటి ఐసీటీ) కాలేజీలు పక్కనే ఉండటంతో చదువుకునేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు వస్తూనే ఉంటారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. పొద్దున్నే ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ, పూలమార్కెట్, అన్నీ వీధి చివరే. లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంటు (గడువు పెట్టి ఇల్లు ఇచ్చే ఒప్పందం) రిజిస్టర్ చేయించడం ఇంటి యజమాని బాధ్యత, దాన్ని ఎగ్గొట్టే ఆలోచన అసలు వద్దు. రిజిస్టర్ అయి ఉంటే గడువు తీరాక ఇల్లు ఖాళీ చేయించుకోవడానికి చట్టంలో దగ్గరిదారి ఉంది.

చివరిగా హెరిటేజ్, పాతది కూల్చి కొత్తది కట్టే రీడెవలప్‌మెంట్. 2018లో ముంబై విక్టోరియన్, ఆర్ట్ డెకో (1930ల నాటి శైలి) కట్టడాలకి యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచీ మా వైపు బ్రోకర్లు కూడా ప్రతి గుండ్రటి బాల్కనీకీ ఆర్ట్ డెకో అని చెప్పి ధర పెంచుతున్నారు. ఆ గుర్తింపు ఓవల్ మైదాన్, మెరీన్ డ్రైవ్ వైపు కట్టడాలది, మాటుంగాది కాదు. మీరు చూసే బిల్డింగ్ కార్పొరేషన్ హెరిటేజ్ జాబితాలో ఉందా, ఉంటే గ్రేడ్ 1, 2ఏ, 2బీ, 3లలో ఏది అన్నదే చూసుకోవాలి, దాన్నిబట్టే ఎంత మార్చొచ్చు, కూల్చొచ్చా లేదా అన్నది ఉంటుంది. ఇక రీడెవలప్‌మెంట్ ఆశ ధరలో ముందే కలిపేసి అమ్ముతారు. రేపు బిల్డర్ వస్తాడు, రెట్టింపు ఇల్లు ఇస్తాడు అంటారు. ఇప్పుడు సొసైటీలో 51 శాతం ఒప్పుకుంటే చాలన్నది నిజమే, కానీ ఒప్పుకున్నాక పని మధ్యలో ఆగి, బిల్డర్ అద్దె ఇవ్వడం మానేసి, ఏళ్ల తరబడి బయట తలదాచుకుంటున్న కుటుంబాలు ఈ చుట్టుపక్కలే నాకు తెలుసు. అందులో డెబ్బై దాటినవాళ్లున్నారు. ఆ ఆశకి నయాపైసా కూడా ఎక్కువ ఇవ్వకుండా, ఇప్పుడున్న ఇల్లు ఇప్పుడున్నట్టే ఎంత చేస్తుందో అంతకే కొనండి.

మా సొసైటీలోనూ ఆ మాట వచ్చింది. నేను వ్యతిరేకంగా ఓటేశాను, ఇంకోసారి వచ్చినా అంతే. ఆడిట్‌లో మాది సీ2బీ, అంటే బాగుచేసుకోగలిగిన బిల్డింగ్, కూల్చాల్సిన అవసరం లేదు. వెనక వైపు పోత ఇనుము పైపులు మార్చే పనికి కొటేషన్లు వచ్చాయి. వానలు ఆగాక మొదలుపెడతాం. ఈలోగా ఎవరైనా మాటుంగా, దాదర్ వైపు పాత ఫ్లాటు చూస్తూ ఉంటే ఆడిట్ రిపోర్టు, లీజు కాగితం చేతిలో పట్టుకుని అడగండి, నాకు తెలిసినంతవరకూ చూసి చెప్తాను.