తొలి ఆక్సిజన్ జాడ: గంధకాన్ని నమ్మాలా, మాలిబ్డినాన్నా, క్రోమియాన్నా?

మనం పీల్చే గాలిలో ఇప్పుడు 21 శాతం ఆక్సిజన్. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. అందులో దాదాపు మొదటి సగం గాలిలో ఆక్సిజన్ లేనట్టే లెక్క. ఈ మాట ఇంత ధీమాగా ఎలా చెబుతున్నారన్నది అడగాల్సిన ప్రశ్నే. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలు లక్షల ఏళ్ల కథ చెబుతాయి, ఇక్కడ లెక్క వందల కోట్లలో. కాబట్టి మిగిలింది రాయి ఒక్కటే. గంధకం, మాలిబ్డినం, క్రోమియం, ఇనుము, యురేనియం, అయోడిన్ ఆక్సిజన్ తగిలితే ఒక్కోటి ఒక్కో తీరుగా మారతాయి. ఆ మార్పు రాతిలో మిగిలితే, దాన్ని పట్టుకుని వెనక్కి లెక్క కడతారు.

ఇవన్నీ ఒకే మాట చెబితే గొడవే లేదు. చెప్పవు. అందుకే వీటిలో ఏది మేలు అని బేరీజు వేయక తప్పదు. చాలామంది ముందుగా చూసేది సున్నితత్వం, అంటే ఎంత కొంచెం ఆక్సిజన్‌నైనా పసిగట్టగలదా అని. నేను ముందు చూసేది వేరు: రాయి ఏర్పడ్డాక వందల కోట్ల ఏళ్లపాటు దాని మీద వాన పడింది, దానిలో వేడి నీళ్లు పారాయి, పైన కొండలు లేచి అరిగాయి. ఈ గుర్తును ఆ తర్వాతి నీళ్లు దొంగతనంగా పుట్టించగలవా? పుట్టించగలిగితే ఆ ఆధారం ఎంత సున్నితమైనదైనా నాకు రెండో వరసే.

అందరికీ తెలిసిన చారల ఇనుపరాయిని ముందు పక్కన పెట్టేద్దాం. విశాఖ ఉక్కు కర్మాగారానికి కిరండూల్ లైన్ మీదుగా వచ్చే బైలదిల్లా ఖనిజం మూలం ఈ జాతి రాయే. సముద్రంలో కరిగున్న ఇనుము, సయనోబాక్టీరియా (ఎండతో ఆహారం చేసుకుని ఆక్సిజన్ వదిలే సూక్ష్మజీవులు) వదిలిన ఆక్సిజన్‌తో కలిసి తుప్పుపట్టి అడుగుకు చేరిందని బళ్లో చదువుకున్నాం. జరిగి ఉండొచ్చు. కానీ ఆక్సిజన్ ప్రమేయమే లేకుండా, సూర్యకాంతిని వాడుకుని ఇనుమును ఆక్సీకరించే బాక్టీరియాలు ఇప్పటికీ బతికున్నాయి. పైగా ఇలాంటి రాళ్లు గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో 370 కోట్ల ఏళ్లకు పైబడినవీ ఉన్నాయి. అప్పటికే గాలిలో ఆక్సిజన్ నిండిందని ఎవరూ అనరు. ఇనుము అంత దూరం కరిగి ప్రయాణించిందంటే లోతు నీళ్లలో ఆక్సిజన్ లేదని అర్థం. అంటే ఈ రాయి ఉనికి కన్నా లేమికే ఎక్కువ రుజువు. పాఠ్యపుస్తకాల్లో ఆ పేరా తిరగరాయాలి.

అసలు పోటీ గంధకానికీ, నీటిలో కరిగే లోహాలకూ మధ్య.

గంధకానికి స్థిరమైన ఐసోటోపులు, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న రకాలు, నాలుగు: 32, 33, 34, 36. తూర్పారపడితే గింజ దగ్గర, పొట్టు దూరం పడ్డట్టు, మామూలు రసాయన చర్యలు ఐసోటోపులను బరువును బట్టే విడదీస్తాయి. 34కూ 32కూ మధ్య నిష్పత్తి ఎంత మారితే, 33కూ 32కూ మధ్య నిష్పత్తి అందులో సుమారు సగం (0.515 వంతు) మారాలి. బాక్టీరియా చేసినా, అగ్నిపర్వతం చేసినా, భూగర్భంలో వేడి నీళ్లు చేసినా ఇదే వరస. కానీ 2000లో జేమ్స్ ఫార్కర్, హుయిమింగ్ బావో, మార్క్ థీమెన్స్ పాత రాళ్లలో ఈ వరస తప్పిన గంధకాన్ని చూపించారు. కొన్ని ఆర్కియన్ (సుమారు 400 నుంచి 250 కోట్ల ఏళ్ల కిందటి) రాళ్లలో 33 ఉండాల్సిన దానికంటే వెయ్యికి 10 పైన తేడాగా ఉంటుంది. కొత్త రాళ్లలో ఆ తేడా దాదాపు సున్నా.

బరువుతో నిమిత్తం లేని ఈ తేడా రావాలంటే అగ్నిపర్వతాలు వదిలిన సల్ఫర్ డయాక్సైడ్‌ను గాలిలోనే అతినీలలోహిత కిరణాలు విడగొట్టాలి. ఆక్సిజన్ ఉంటే ఓజోన్ ఉంటుంది, ఓజోన్ ఆ కిరణాలను ఆపేస్తుంది. అది ఒక కారణం. రెండోది తక్కువమంది చెప్పేదే అయినా అసలు కీలకం అదే. ఆక్సిజన్ లేనప్పుడు గంధకం గాలిలోంచి రెండు రూపాల్లో కిందికి దిగుతుంది, ఒకటి ముడి గంధకంగా, ఇంకోటి సల్ఫేట్‌గా. ఒకదానిలో తేడా ఎక్కువ వైపు ఉంటే ఇంకోదానిలో తక్కువ వైపు. రెండూ విడివిడిగా రాతిలోకి చేరాయి కాబట్టే తేడా మిగిలింది. ఆక్సిజన్ రాగానే అంతా సల్ఫేటే అయిపోతుంది. ఎక్కువా తక్కువా కలిసి చెల్లుకు చెల్లు. ఈ మార్పుకు నేటి ఆక్సిజన్ మట్టంలో లక్షో వంతు చాలని పావ్లోవ్, కాస్టింగ్ 2002లో లెక్కగట్టారు.

రాయి ఏర్పడ్డాక ఏ నీళ్లు పారినా ఈ తేడాను కొత్తగా పుట్టించలేవు. మహా అయితే బయటి గంధకాన్ని తెచ్చి పలచన చేస్తాయి. నేను దీన్ని మొదటి వరసలో పెట్టడానికి కారణం ఇదే.

దీనికీ లోపాలున్నాయి. ఆక్సిజన్ లక్షో వంతు దాటిందా లేదా అన్నంతవరకే దీని మాట. అది దాటాక ఒక శాతమా, పదిశాతమా, నేటి మట్టమా అంటే ఇక నోరు విప్పదు. రెండోది, పాత రాళ్లు అరిగి నదుల్లోకి వచ్చినప్పుడు వాటిలోని వరస తప్పిన గంధకం కొత్త బురదలోకి చేరుతుంది. అంటే గాలి మారిపోయినా కొన్నాళ్లు పాత గుర్తే కనబడవచ్చు. తేదీల తగాదాలకు ఇదొక కారణం. దక్షిణాఫ్రికా రాళ్ల మీద 2016లో వచ్చిన పని ఈ మార్పు 233 కోట్ల ఏళ్ల కిందట, కోటి ఏళ్ల లోపే ముగిసిందంది. అదే దేశపు రాళ్ల మీద 2021లో వచ్చిన ఇంకో పని ఆక్సిజన్ వస్తూ పోతూ 222 కోట్ల ఏళ్ల దాకా స్థిరపడలేదంది. తగాదా పది కోట్ల ఏళ్ల మీద; వచ్చిందా రాలేదా అన్నదాని మీద కాదు.

ఇక మాలిబ్డినం. కొండల మీది పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) వంటివి ఆక్సిజన్ తగిలి కరిగితే మాలిబ్డినం నీళ్లలో కలిసి సముద్రం చేరుతుంది, సల్ఫైడ్ ఉన్న బురదలో చిక్కుకుంటుంది. కాబట్టి నల్ల షేల్‌లో, అంటే బురద గట్టిపడి అయిన రాయిలో, అది ఎక్కువుంటే ఒడ్డున ఎక్కడో ఆక్సిజన్ పని చేసిందని. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2004లో తవ్విన దాదాపు కిలోమీటరు లోతు డ్రిల్ కోర్‌లో (భూమిలోకి తొలిచి తీసిన రాతి కడ్డీలో) మౌంట్ మెక్‌రే షేల్ అనే 250 కోట్ల ఏళ్ల పొర ఉంది. భూమి పైపొట్టు రాళ్లలో మాలిబ్డినం సగటున పదిలక్షలకు ఒకటి రెండు భాగాలే, ఇక్కడ ఒక దశలో 40 దాకా పెరుగుతుంది. ఏరియల్ అన్బార్ బృందం 2007లో దీన్ని ఆక్సిజన్ ‘గుప్పు’మన్న క్షణంగా ప్రకటించింది, అసలు మార్పుకు కనీసం పది కోట్ల ఏళ్ల ముందే! తమాషా ఏమిటంటే, ఇదే కోర్‌లో గంధకం ఇంకా వరస తప్పే ఉంది. ఒకే రాయి, రెండు జవాబులు. సర్దుబాటు లేకపోలేదు: గాలిలో నిలవనంత కొంచెం ఆక్సిజన్ తీరం దగ్గరే పుట్టి అక్కడే ఖర్చయి ఉండొచ్చు.

2022లో సారా స్లాట్జ్నిక్ బృందం ఆ పొరలనే మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. అగ్నిపర్వత బూడిద తునకలు కనిపించాయి. మాలిబ్డినం ఆ బూడిదలోంచే వచ్చి ఉండాలని, తర్వాత రాతిలో పారిన ద్రవాలు దాన్ని పోగుచేశాయని వాళ్ల వాదన. అన్బార్ పక్షం ఒప్పుకోలేదు, జవాబు రాసింది. ఆక్సిజన్‌కు ఇలాగే స్పందించే రీనియం, సెలీనియం కూడా తమ వైపే ఉన్నాయన్నది వాళ్ల బలం. నేను తీర్పు చెప్పేంతవాణ్ని కాను కానీ ఒక్కటి గమనించండి: గంధకం మీద ఇలాంటి అభ్యంతరం పెట్టడానికే వీల్లేదు. మాలిబ్డినం మీద పెట్టొచ్చు, పెట్టారు.

క్రోమియం సంగతి ఇంకా చూడాలి. రాతిలో మొండిగా కూర్చునే క్రోమియం, ఆక్సిజన్ పుట్టించిన మాంగనీస్ ఆక్సైడ్ తగిలితే క్రోమేట్‌గా మారి నీళ్లలో కరిగిపోతుంది. పోతూ పోతూ బరువైన క్రోమియం-53 ఐసోటోపును ఎక్కువ పట్టుకుపోతుంది. సముద్రపు రాళ్లలో బరువైన క్రోమియం కనబడితే నేల మీద ఆక్సిజన్ ఉన్నట్టు. ఈ తర్కంతో 2013లో దక్షిణాఫ్రికాలోని పోంగోలా రాళ్ల మీద చేసిన పని ఆక్సిజన్‌ను ఏకంగా 300 కోట్ల ఏళ్ల వెనక్కి నెట్టింది. పెద్ద వార్త అది. 2018లో ఇంకో బృందం అక్కడి 295 కోట్ల ఏళ్ల ఐజెర్‌మైన్ ఇనుపరాయినే తీసుకుని ఎండకూ వానకూ బయటపడి ఉన్న ముక్కలను, లోపల్నుంచి తీసిన డ్రిల్ కోర్‌ను పక్కపక్కన కొలిచింది. బరువైన క్రోమియం బయటి ముక్కల్లోనే ఉంది. కోర్‌లో లేదు! ఆ ఆక్సిజన్ 295 కోట్ల ఏళ్ల నాటిది కాదు, మన కాలపు గాలే రాయి మీద పని చేసింది. క్రోమియం అబద్ధం చెప్పలేదు, తేదీ తప్పింది. అప్పట్నుంచి బయట దొరికిన రాయి మీద మాత్రమే కొలిచిన క్రోమియం అంకె కనబడితే నేను పేజీ తిప్పేస్తున్నాను.

యురేనియం విషయంలో మనకు చెప్పుకోదగ్గ జోడీ ఉంది. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో యురేనినైట్ అనే యురేనియం ఖనిజం కరిగిపోతుంది. అయినా దక్షిణాఫ్రికా విట్వాటర్స్‌రాండ్ బంగారు గనుల రాళ్లలో అది నదిలో దొర్లి నున్నబడిన గింజలుగా దొరుకుతుంది. కర్ణాటకలో బాబాబుడన్ పొరల అడుగున గులకరాళ్ల పట్టీల్లోనూ యురేనియం, పైరైట్ ఉన్నాయి. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రం యురేనియం దొర్లివచ్చిన గింజ కాదు. అక్కడి వేంపల్లె సున్నపురాళ్లు 190 నుంచి 200 కోట్ల ఏళ్ల నాటివి, ఆక్సిజన్ వచ్చాకవి. యురేనియం నీళ్లలో కరిగి వచ్చి వాటిలో చేరింది. ఈ రెండు రకాల ఖనిజాలను పక్కపక్కన పెడితే ఏ యంత్రమూ లేకుండానే తేడా తెలుస్తుంది. అయితే ఎగువ సింధు నది ఇసుకలో ఈనాటికీ యురేనినైట్ గింజలున్నాయి. చలిలో, ఉరవడి ప్రవాహంలో కరిగే టైం దొరకదు. అందుకే గింజ ఒక్కటే చాలదు, పక్కన పైరైట్ గింజలూ ఉండాలి, అలాంటి చోట్లు చాలా ఉండాలి. పాత కాలానికి అవి ఉన్నాయి.

సముద్రం అడిగితే జవాబు మారుతుంది. గంధకం చెప్పింది గాలి సంగతి. నీళ్ల సంగతికి బురదలోని ఇనుమును రకాలుగా విడదీసి కొలుస్తారు; చురుకైన (రసాయన చర్యల్లో సులువుగా పాల్గొనే) ఇనుము మొత్తం ఇనుములో 0.38 వంతు దాటితే అడుగునీళ్లలో ఆక్సిజన్ లేదని అర్థం. వాడుక ఎక్కువే, కానీ చెప్పేది ఆ ఒక్క సముద్రపు గుంట గురించే. నాకు అయోడిన్ మీద మక్కువ. ఆక్సిజన్ ఉన్న నీళ్లలోనే అయోడేట్ (ఆక్సిజన్‌తో కలిసిన అయోడిన్) ఉంటుంది, సున్నపురాయిలోకి చేరేది అదొక్కటే. తర్వాత రాయి మారితే అయోడిన్ పోతుంది గానీ వచ్చి చేరదు. కాబట్టి లేదంటే అనుమానించవచ్చు, ఉందంటే నమ్మొచ్చు. 2014 నాటి పనిలో అది కనబడటం మొదలైంది సరిగ్గా గాలి మారిన కాలపు రాళ్లలోనే.

అందుకని గాలిలోకి ఆక్సిజన్ ఎప్పుడొచ్చిందంటే గంధకం, లోతు తక్కువ నీళ్లకు అయోడిన్. దానికి ముందరి చిన్న చిన్న జాడలకు మాలిబ్డినాన్ని వాడొచ్చు, కానీ రీనియం తోడుంటేనే, మైక్రోస్కోప్ కింద చూశాకే. క్రోమియం కోర్‌లోదైతేనే. ఇక 180 కోట్ల నుంచి 80 కోట్ల ఏళ్ల మధ్య ఆక్సిజన్ ఎంతుండేదంటే మాత్రం నేను ఏ ఒక్కదాన్నీ ఎంచుకోను. 2014లో క్రోమియం నేటి మట్టంలో 0.1 శాతం లోపే అంది. నాలుగేళ్లకు చైనాలోని షియామాలింగ్ షేల్‌లో అదే క్రోమియం అంతకంటే ఎక్కువంది. గంధకం ఆ కాలానికి ఏమీ చెప్పలేదు. ఆ కాలానికి ఎవరైనా ఒకే అంకె చెబితే, ముందు ఏ రాయి, ఎక్కడ తీశారు, పైదా లోపలిదా అని అడగండి.