కోడ్ క్వాలిటీ టూల్‌కి ఏడాది ప్లాన్ కట్టే ముందు లైన్ల లెక్క చూసుకోండి

మాది తొమ్మిది మంది టీమ్. క్లౌడ్‌లో నడిచే కోడ్ క్వాలిటీ టూల్ ఒకటి రెండేళ్లుగా వాడుతున్నాం. పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో చేసిన మార్పును కలపమని అడగడం) పెట్టగానే బగ్గులు, సెక్యూరిటీ లోపాలు, టెస్ట్ కవరేజీ (కోడ్‌లో ఎంత భాగాన్ని టెస్టులు నడిపి చూస్తున్నాయో) చూసి పచ్చగానో ఎర్రగానో చూపిస్తుంది. దాని పేరు రాయడం లేదు. కోడ్ లైన్ల లెక్కన డబ్బు తీసుకునే ఏ టూల్‌తోనైనా ఇలా జరగొచ్చు.

పోయిన నెల కొత్త అప్‌డేట్ గురించి మెయిల్ వచ్చింది. అలాంటివి తరచూ వస్తుంటాయి కాబట్టి ఎవరం తెరవలేదు. ఆ శుక్రవారం సాయంత్రం క్లయింట్‌కి రిలీజ్ ఇవ్వాలి. మధ్యాహ్నం నుంచి ఏ పుల్ రిక్వెస్ట్ పెట్టినా ఎరుపే. రెండు లైన్లు మార్చినా వందకు పైగా ఇష్యూలు. కొత్త రూల్స్ మమ్మల్ని అడగకుండానే ఆన్ అయ్యాయి. దానికి తోడు, ఏది పాత కోడ్, ఏది కొత్త కోడ్ అనే గీత చెరిగిపోయి, ఎప్పుడో రాసిన కోడ్ కూడా కొత్తదిగా లెక్కకొచ్చింది.

ఆ చెక్ పాస్ కాకపోతే మా దగ్గర మెర్జ్ (మార్పును మెయిన్ బ్రాంచ్ అనే అసలు కోడ్‌లో కలపడం) కుదరదు. రాత్రి తొమ్మిదింటికి టెన్షన్ తట్టుకోలేక ఆ చెక్‌ని నేనే తీసేశాను. ఇష్యూలన్నీ సర్ది దాన్ని మళ్లీ పెట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ ఒకటి మెయిన్ బ్రాంచ్‌లోకి వెళ్లిపోయింది. అలాంటివి పట్టుకుంటుందనే కదా డబ్బు కట్టింది! పాస్‌వర్డ్ మార్చాం, లాగ్‌లన్నీ వెతికాం. ఎవరూ వాడినట్టు కనపడలేదు గానీ రెండు రాత్రులు నిద్ర లేదు.

ఇక డబ్బు సంగతి. మాది లక్ష లైన్ల ప్లాన్, మా కోడ్ 92 వేల లైన్లు. అప్‌డేట్ తర్వాత అది 1,41,000 అయింది. ఆ వారం మేం రాసింది ఐదు వందల లైన్లు కూడా ఉండవు. అంతకుముందు లెక్కలోకి రాని యామల్ అనే సెట్టింగుల ఫైళ్లు, ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషలో ఉన్న స్క్రిప్టులు, డేటాబేస్‌ని మార్చడానికి ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను తయారుచేసే మైగ్రేషన్ ఫైళ్లు అన్నీ కలిపేశారు. లక్ష దాటింది కాబట్టి పై ప్లాన్‌లోకి మార్చేశారు.

ఇది మాకు తెలిసింది బ్యాంక్ మెసేజ్ వల్ల. కార్డు మీద ఆటో పేమెంట్ అయితే బ్యాంక్ 24 గంటల ముందు చెప్పాలని, 15 వేలు దాటితే ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ అడగాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. చూస్తే కిందటేడు కట్టినదానికి దాదాపు రెట్టింపు! ఓటీపీ ఇవ్వలేదు కాబట్టి బయటపడ్డాం. పైగా విదేశీ కంపెనీ బిల్లయితే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు రివర్స్ చార్జ్ (అమ్మినవాళ్లకి బదులు కొన్నవాళ్లే పన్ను కట్టడం) కింద 18 శాతం జీఎస్టీ ముందు తామే కట్టాలి.

సపోర్ట్ వాళ్లు నాలుగు రోజులకి జవాబిచ్చారు. అక్కర్లేని ఫోల్డర్లు మీరే మినహాయించుకోండి అన్నారు. మినహాయిస్తే లెక్క 88 వేలకి దిగింది. అప్పుడు పాత ప్లాన్ అడిగితే, అది ఇప్పుడు ఇవ్వడం లేదన్నారు.

కొనేవాళ్లకి నా మాట: ట్రయల్‌లో మీ రిపోల్లో (ప్రాజెక్ట్ కోడ్ మొత్తం ఉండే చోట్లు) అన్నిటికన్నా పెద్దదాన్ని ఎక్కించి, టూల్ ఎన్ని లైన్లు లెక్కపెడుతోందో చూడండి. ఏ ఫైళ్లు లెక్కలోకి వస్తాయో రాతపూర్వకంగా అడగండి. మొదట నెలవారీగానే కట్టండి, ప్లాన్ దానంతటదే పెరిగే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. కోడ్‌ని చదివే స్కానర్‌ని సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని తనంతట తాను నడిపే వ్యవస్థ) ఒకే వెర్షన్ దగ్గర ఆపి ఉంచొచ్చు గానీ, సర్వర్ వైపు రూల్స్ వాళ్ల చేతిలోనే ఉంటాయి. అందుకే ఈఎస్‌లింట్ (జావాస్క్రిప్ట్‌కి), రఫ్ (పైథాన్‌కి) లాంటి, కోడ్‌ని చెక్ చేసే ఉచిత టూల్స్‌ని రిపోలోనే పెట్టుకోండి. వాటి రూల్స్ ఫైల్ మీ దగ్గరే ఉంటుంది, మీరు మారిస్తేనే మారుతుంది.

క్లౌడ్ టూల్ ఏదైనా వదిలేసేటప్పుడు దానికి ఇచ్చిన టోకెన్లన్నీ (మీ కోడ్‌లోకి రావడానికి ఇచ్చిన తాళంచెవుల్లాంటివి) రద్దు చేయండి. 2021లో కోడ్‌కోవ్ అనే కవరేజీ టూల్ స్క్రిప్ట్‌ని ఎవరో మార్చేసి, వాడేవాళ్ల సీఐలో ఉన్న రహస్య కీలను సుమారు రెండు నెలల పాటు లాగేశారు. మేం వాడింది అది కాదు. అయినా మా పాత టోకెన్లు వెతికితే మూడు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.