కాళ్లు సెలవు పెట్టిన రోజుల్లో హైదరాబాద్

"వీల్‌చైర్‌కి ఇబ్బంది లేదు కదండీ?" అని ఫోన్ చేస్తే నాంపల్లి లాడ్జి అయినా, గచ్చిబౌలి సర్వీస్ అపార్ట్‌మెంట్ అయినా చెప్పేది ఒకటే మాట: "ఏం ప్రాబ్లం లేదు సార్, వచ్చేయండి." తీరా వెళ్తే గుమ్మంలో మూడు మెట్లుంటాయి. "మా కుర్రాళ్లు ఇద్దరొచ్చి ఎత్తేస్తారు సార్" అని అభయం. మనిషిని బియ్యం బస్తాలా మోసే చోటు పైసా తీసుకోకపోయినా ఖరీదైనదే.

అందుకే ప్రశ్న మార్చాలి. గేటు నుంచి లిఫ్ట్ దాకా మెట్లెన్ని? కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా? బాత్రూం తలుపు వెడల్పెంత? మూడోదానికి నోటి మాట వద్దు, టేపు పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. పెద్దవాళ్ల మామూలు వీల్‌చైర్ ఈ అంచు నుంచి ఆ అంచుకి 25, 26 అంగుళాలుంటుంది. పాత లాడ్జిల్లో బాత్రూం తలుపు చాలాచోట్ల 24 అంగుళాలే. మంచం, టీవీ, ఏసీ ఎంత బాగున్నా ఆ రెండంగుళాల దగ్గర ఆట ముగిసినట్టే.

బాత్రూంలో గోడకున్న టవల్ రాడ్ పట్టుకుని లేవకండి. అది తడి తువ్వాలు బరువుకే అలిసిపోయి ఉంటుంది. గాలి పట్టుతో అంటుకునే హ్యాండిళ్లనీ నమ్మొద్దు. టైల్స్ మధ్య గీత మీద పడ్డా, కింద కాస్త సబ్బు నీళ్లు చేరినా ఊడి చేతికొస్తాయి. కాళ్లకి రబ్బరు బుష్‌లున్న స్టూలు, కమోడ్‌ని నాలుగంగుళాలు ఎత్తు చేసే సీటు, రెండూ సొంతంగా తెచ్చుకుంటే సగం యుద్ధం గెలిచినట్టే.

ర్యాంపు సంగతి వేరే చెప్పాలి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది లెక్క, అంటే ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు. "ర్యాంపు ఉంది" అని గర్వంగా చూపించే చాలాచోట్ల ఉన్నది బండి ఎక్కించుకోడానికి పోసుకున్న సిమెంటు వాలు. దాని మీద కుర్చీని ముందుకి దింపితే కూర్చున్నవాళ్లు నేరుగా రోడ్డు మీదకి జారతారు. వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దిగేట్టు దింపాలి. లిఫ్ట్ గుమ్మంలో సందు దాటేటప్పుడూ అంతే. ముందు చిన్న చక్రాలు ఆ సందులో ఇరుక్కుంటే కుర్చీ ఆగుతుంది, మనిషి ఆగడు.

తిరగడానికి మెట్రోకే మా ఓటు. రోడ్డు నుంచి టికెట్ల అంతస్తుకి ఒక లిఫ్ట్, అక్కణ్ణుంచి ప్లాట్‌ఫాంకి ఇంకొకటి. రోడ్డుకి ఏ వైపు లిఫ్ట్ పనిచేస్తోందో ముందే కనుక్కోండి, లేకపోతే మెట్రో ఎక్కడం కంటే రోడ్డు దాటడమే పెద్ద యాత్ర అవుతుంది. అమీర్‌పేటలో ఆఫీసు వేళల్లో ఒక మెట్రో లైను నుంచి ఇంకో లైనుకి మారొద్దు. లిఫ్ట్ ముందు పాతికేళ్ల కుర్రాళ్లు బారులు తీరి ఉంటారు. గొడవ పడితే ఎవరూ కదలరు. "కాళ్లు సెలవు పెట్టాయి బాబూ, నేనొక్కడినే డ్యూటీలో ఉన్నా" అని కుర్చీలో ఉన్నవాళ్లు నవ్వుతూ అంటే మాత్రం దారి వస్తుంది. ఈ మాట తోసేవాళ్లు అనకూడదు. పేషెంటు వేస్తే జోకు, పక్కవాళ్లు వేస్తే ఎగతాళి. తేడా అంతే.

కారు పిలిస్తే డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందా అని బుక్ చేయగానే అడగండి. ఉంటే మడిచిన వీల్‌చైర్ ముందు సీట్లో దర్జాగా కూర్చుంటుంది, ఇంటిల్లిపాదీ వెనక ఇరుక్కుంటారు. కీళ్ల నొప్పులున్నవాళ్లకి కిందకి కూర్చోవాల్సిన సెడాన్ కంటే సీటు ఎత్తుగా ఉన్న బండి మేలు.

ఏ వేళ బయల్దేరాలన్నది జబ్బుని బట్టి ఉంటుంది. "పొద్దున్నే వెళ్లిపోండి, ఎండ ఉండదు" అనే సలహా నరాల మీది పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి అమృతం, ఎందుకంటే ఒళ్లు వేడెక్కితే వాళ్ల లక్షణాలు ముదురుతాయి. అదే సలహా కీళ్లు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి శిక్ష, పొద్దున కీళ్లు బిగిసిపోయి ఉంటాయి కనుక. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వాళ్లకి సూర్యుడితో పనిలేదు, మాత్ర పనిచేసే వేళే ముహూర్తం. తలుపుల దగ్గర, ఇరుకు సందుల్లో వాళ్ల పాదాలు నేలకి అతుక్కుపోతాయి. అప్పుడు చెయ్యి పట్టి లాగకండి, వెనక నుంచి తోయకండి, పడిపోతారు. నేల మీద ఏదో ఒక గీత చూపించి "ఇది దాటండి" అనండి, లేదా కవాతులా లెఫ్ట్, రైట్ అంటూ లెక్కపెట్టండి. లాడ్ బజార్ గాజుల కొట్ల మధ్య ఇలా కవాతు చేయిస్తే జనం చూస్తారు. చూడనివ్వండి.

చార్మినార్ 1591 నాటిది. పైకి 149 మెట్లు, అదీ ఇరుకైన మెలికల దారి, కాబట్టి ఆ ఆలోచన మానేయండి. చుట్టూ వాహనాలు రాకుండా పరిచిన రాతి నేల మీద చిన్న చక్రాల ట్రాన్స్‌పోర్ట్ చైర్ ప్రతి సందులోనూ తల దించుకుంటుంది. పెద్ద చక్రాల కుర్చీ తీసుకెళ్లండి. అక్కడ ఇరానీ చాయ్ వన్ బై టూ చెప్పండి. పిసినారితనం కాదు, చేతులు వణికేవాళ్లకి సగం నిండిన కప్పు ఒలకదు. రెండోసారి మళ్లీ చెప్పుకోవచ్చు.

గోల్కొండలో కొండ మీది కోట బాలా హిస్సార్ ఎక్కాలంటే మెట్లు మూడొందలు దాటతాయి. కానీ ఆ కోట అసలు గమ్మత్తు కిందే ఉంది. ప్రవేశ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైకి వినిపిస్తుంది. మనవలు రొప్పుతూ పైకెళ్లాలి, కింద కూర్చున్న తాతగారు చప్పట్లు కొట్టాలి. తాతగారు కొట్టకపోతే వాళ్లు ఎక్కింది దండగే. ఫోన్లో "వినపడిందా?" అని దర్పంగా అడిగే హక్కు కిందవాళ్లదే. ఆ ద్వారం దాకా వచ్చే దారి మాత్రం ఎగుడుదిగుడు, తోసేవాళ్లు ఇద్దరుండాలి.

సాలార్‌జంగ్ మ్యూజియం మా లెక్కలో అన్నిటికంటే నయం. శుక్రవారం సెలవు. అక్కడి పెద్ద గడియారం గంట కొట్టడానికి ఓ పావుగంట ముందే దాని దగ్గరకి చేరాలి. ఆలస్యమైతే కుర్చీ ఎత్తు నుంచి కనిపించేవి వీపులే. పన్నెండు గంటలప్పుడు జనం మరీ ఎక్కువ, పదకొండుకి వెళ్తే గొడవ ఉండదు. జూపార్కులో బ్యాటరీ బండ్లున్నాయి, సోమవారం మూసేస్తారు. బిర్లా మందిర్‌లో మధ్యాహ్నం ఉత్తకాళ్లతో పాలరాయి మీద నడవాలి. తిమ్మిరి వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్లకి కాలినా తెలియదు, పొద్దు వాలాక వెళ్లండి.

శంషాబాద్ నుంచి విమానమైతే 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి చెప్పాలి. ఉత్త "వీల్‌చైర్ కావాలి" అంటే చాలదు, విమానాల వాళ్ల కోడ్ కూడా చెప్పాలి. మెట్లెక్కగలరు, దూరం నడవలేరంటే డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లూ ఎక్కలేరంటే డబ్ల్యూసీహెచ్ఎస్. సీటు దాకా మోయాల్సిందే అంటే డబ్ల్యూసీహెచ్‌సీ. అక్షరం తప్పితే విమానం మెట్ల కింద నిలబడి చర్చ మొదలవుతుంది. సొంత కుర్చీ అప్పగించే ముందు కుషన్, ఫుట్‌రెస్టులు విప్పి చేతి సంచీలో పెట్టుకోండి. కుర్చీ ఎలాగూ దిగుతుంది, ఫుట్‌రెస్టులు మాత్రం ఒక్కోసారి ఇంకో ఊరు చూడ్డానికి వెళ్లిపోతాయి.