బుసాకో అడవిలో ఒక తెల్ల వైన్ కోసం

పోర్చుగల్ వెళ్లినవాళ్లు చాలామంది లిస్బన్, పోర్టో చూసి వచ్చేస్తారు. మేం ఆ రెండింటికీ మధ్యలో, కోయింబ్రాలో రైలు దిగాం. అక్కడికి దగ్గర్లోనే బుసాకో అడవి ఉంది. దాని నడుమ రాజుల కోసం కట్టిన ప్యాలెస్ హోటల్, ఆ హోటల్ పేరు మీదే తయారయ్యే తెల్ల వైన్. ఈ వైన్ బయట కొట్లలో దొరకడం అరుదు. ఎక్కువగా వాళ్ల హోటళ్లలోనే తాగాలి. నాలుగేళ్లుగా నేను అనుకుంటూ వచ్చిన ప్రయాణం ఇది.

లిస్బన్ నుంచి వేగంగా వెళ్లే రైలైతే కోయింబ్రాకి రెండు గంటల లోపే. ఊళ్లో ఒక పూట చాలనుకున్నాం గానీ, 1290లో పుట్టిన విశ్వవిద్యాలయం, అందులోని జొవానినా గ్రంథాలయం చూడ్డానికే పూట గడిచిపోయింది. గ్రంథాలయానికి టికెట్ మీద వేసిన సమయానికే లోపలికి పంపుతారు, కాబట్టి ముందే కొనుక్కోండి.

బస రెండు చోట్ల పెట్టుకున్నాం. ముందు రెండు రాత్రులు అడవి కింద ఉన్న లూసో ఊళ్లో అద్దె ఫ్లాట్, చివరి రాత్రి ప్యాలెస్‌లో. ఫ్లాట్ విషయంలో మాత్రం టెన్షన్ పడ్డాం. నాలుగింటికి తాళాలు ఇస్తామన్నవాళ్లు గంటన్నర దాకా ఫోనే ఎత్తలేదు. సామాన్లతో మెట్ల మీద కూర్చున్నాం. లోపలికి వెళ్లాక చూస్తే హీటర్ పనిచేయదు. అక్టోబర్ చివర్లో ఆ కొండ పక్కన రాత్రి చలి బాగానే ఉంటుంది. డబ్బు కొంత ఎక్కువైనా, రిసెప్షన్‌లో మనిషి ఉండే చిన్న హోటల్ తీసుకోమనే చెబుతాను.

ఊరు మాత్రం ఎంతో నచ్చింది. సావ్ జొవావ్ ఊట దగ్గర పదకొండు ధారలు పడుతుంటాయి. జనం కార్లలో పెద్ద పెద్ద డబ్బాలు తెచ్చి ఉచితంగా నీళ్లు పట్టుకెళతారు. మన ఊళ్లలో మంచినీళ్ల ట్యాంకు దగ్గర వినిపించే కబుర్లే అక్కడా వినిపిస్తాయి, భాష ఒక్కటే వేరు.

మర్నాడు నడుచుకుంటూ అడవిలోకి ఎక్కాం. 105 హెక్టార్ల అడవి చుట్టూ ప్రహరీ గోడ ఉంది. 1628లో కార్మెలైట్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు ఇక్కడ మఠం కట్టుకుని, ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి నాటారు. కోయింబ్రా ద్వారం దగ్గర రాతి మీద పోప్‌ల శాసనాలు చెక్కి ఉన్నాయి. 1622 నాటిది ఆడవాళ్లు లోపలికి రాకూడదంటుంది. 1643 నాటిది చెట్టు నరికితే మతం నుంచి వెలివేస్తామంటుంది. అక్షరాలు నాచు పట్టి సగం మూసుకుపోయాయి. చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డాను. మొదటి శాసనానికి మనసు కష్టపడింది. రెండోదానికి మాత్రం దండం పెట్టాలనిపించింది, ఈ చెట్లు మిగిలింది దాని వల్లే కదా.

మఠంలో ఇప్పుడు మిగిలింది కొంతే. గదుల తలుపులకి, కప్పులకి బెరడు కార్కు తొడిగారు, చలి ఆపడానికి. 1810 సెప్టెంబర్ 27న మసేనా అనే నెపోలియన్ సేనానిని ఈ కొండ మీదే ఓడించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్, యుద్ధానికి ముందు ఈ మఠంలోనే బస చేశాడు. మా ఆయనకి చరిత్ర పిచ్చి. ఈ వెల్లింగ్టనే 1799లో శ్రీరంగపట్నం యుద్ధానికి నిజాం పంపిన సైన్యాన్ని నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ అని గుర్తు చేశారు. హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చాక ఆ మాట వింటే ఒళ్లు జలదరించింది.

హోటల్ మఠాన్ని ఆనుకునే ఉంటుంది. 1888లో పని మొదలైంది, నమూనా గీసింది లుయీజీ మనీనీ అనే ఇటాలియన్ రంగస్థల చిత్రకారుడు. 1910లో రాజరికమే పోయింది. 1917 నుంచి హోటల్‌ని నడుపుతున్నది అల్మేడా కుటుంబం, వైన్ మొదలుపెట్టిందీ వాళ్లే. మెట్ల దగ్గర జోర్జ్ కొలాసో వేసిన నీలి పలకల మీద యుద్ధ దృశ్యాలున్నాయి. గదులు పాతకాలంవి, ఎత్తు కప్పులు, బరువైన కలప. కొత్త హోటళ్ల హంగులు కావాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు. నాకైతే కిటికీ తెరిస్తే వచ్చే తడి ఆకుల వాసన చాలు.

ఇక వైన్. తెల్ల వైన్ అంటే ఏడాది రెండేళ్లలో చల్లగా తాగేయాలని చాలామంది అనుకుంటారు. ఇది దానికి పూర్తిగా వేరు. డావ్ ప్రాంతం నుంచి ఎన్‌క్రుజాదో, బైర్రాడా నుంచి మరియా గోమెస్, బికాల్ ద్రాక్షలు తెచ్చి కలుపుతారు. ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచి, సీసాల్లో నింపాక కూడా ఏళ్లపాటు కదపకుండా పడుకోబెడతారు. ఉక్కు ట్యాంకులో గాలి చొరబడదు. పీపా చెక్క గుండా మాత్రం అణువంత గాలి లోపలికి వెళుతూ ఉంటుంది. వైన్ మెల్లగా మెత్తబడి చిక్కబడేది అందుకే. ఆ ద్రాక్షల్లోని గట్టి పులుపే దాన్ని చెడిపోకుండా కాపాడుతుంది.

రాత్రి భోజనానికి పదేళ్లు దాటిన సీసా అడిగాం. వడ్డించిన పెద్దాయన ఐసు బకెట్ తెచ్చి, రెండు నిమిషాలకే సీసా బయటికి తీసేశారు. మరీ చల్లగా ఉంటే దీని గొంతు వినపడదని నవ్వారు. రంగు లేత బంగారం. మొదటి గుక్కలో దబ్బకాయ తొక్క, దాని వెనకే మైనం, వేయించిన బాదం. చెక్క వాసన ఉందిగానీ ముందుకు తోసుకురాలేదు. అరగంట గ్లాసులో ఉంచాక తేనె వాసన వచ్చింది, నాలుక మీద మాత్రం తీపి లేదు. బకలావు చేప కూరతో అద్భుతంగా కుదిరింది. మా ఆయన ఎర్ర వైన్ మనిషి. రెండో గ్లాసు తర్వాత ఆయన కూడా నోరెత్తలేదు.

కరపత్రంలో ఉండని మాట ఒకటి. ఈమధ్య పంటతో చేసిన సీసా కొని అక్కడే తెరిస్తే వాసన, రుచి కాస్త మూసుకుపోయినట్టు ఉంటాయి. ధర పెరిగినా పాతదే అడగండి. బస చేయడం కుదరకపోతే లూసోలో ఉండి, భోజనానికి మాత్రం పైకి వెళ్లినా సరే. తిరుగు దారికి ట్యాక్సీ ముందే మాట్లాడుకోవాలి, చీకటి పడ్డాక అడవి దారిలో వెహికల్ దొరకదు.

వచ్చేటప్పుడు రెండు సీసాలు తెచ్చుకున్నాం. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు కాబట్టి కస్టమ్స్ దగ్గర ఇబ్బంది రాలేదు. స్వెటర్లలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టాను. హైదరాబాద్ ఎండకి భయపడి, ఒకటి ఫ్రిజ్ కింది అరలో కూరగాయల వెనక పడుకోబెట్టాను. రెండోది మా అన్నయ్య ఇంటికి వెళ్లింది. వదిన దాన్ని వచ్చే ఉగాదికి తెరుస్తామంటోంది. ఇంకో అయిదేళ్లు ఆగమని ఫోన్లో బతిమాలుతున్నాను.