పొంగే కూలెంట్ డబ్బా: పాత ఫోర్‌బైఫోర్‌తో పదమూడేళ్లు

మాది 2003 మోడల్ డీజిల్ జీపు. ఇంజన్ నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్‌బైఫోర్, నెమ్మదిగా, గట్టిగా లాగే లో గేర్ ఉన్న బండి. 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వారమంతా మెహదీపట్నం నుంచి ఆఫీసుకు, ఆదివారం చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు. అనంతగిరి చుట్టుపక్కల ఎర్రమట్టి దారులు, చెరువు గట్లు, వానాకాలంలో పారే వాగులు దాని అసలు చోటు. గేర్‌బాక్సు, యాక్సిళ్లు ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా దారిలో దించలేదు. నన్ను ఏడిపించిందల్లా బానెట్ కింద మూలన, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం ఉండే తెల్లటి కూలెంట్ డబ్బా. అది మూడుసార్లు పొంగింది, మూడుసార్లూ వేరువేరు కారణాలతో. పాత జీపు కొన్నవాళ్లకీ, కొనబోయేవాళ్లకీ ఉపయోగపడుతుందని ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి 2013 ఎండాకాలంలో. వికారాబాద్ నుంచి వచ్చి ఇంటిముందు ఆపితే, పది నిమిషాలకి బంపర్ కింద పచ్చటి మడుగు, తియ్యటి వాసన. టెంపరేచర్ ముల్లు మాత్రం దారంతా సగం దాటలేదు. దగ్గర్లోని షెడ్డుకి తీసుకెళ్తే బానెట్ ఎత్తి చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య బిగించే సీలు) పోయిందన్నారు. ఇంజన్ విప్పాలన్నారు. ఇంకో చోట వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వు పీకేస్తే చాలన్నారు. ఖర్చు తక్కువ కదా అని రెండోదానికి ఒప్పుకున్నాను. అది తప్పు. డిసెంబరు పొద్దుల్లో ఇంజన్ వేడెక్కడానికి అరగంట పట్టేది, పొగ పెరిగింది, మైలేజీ పడిపోయింది. డబ్బా పొంగడం మాత్రం ఆగలేదు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన వాల్వు ఇంజన్‌ను పని చేయాల్సిన వేడి దగ్గర నిలబెడుతుంది. అది చెడిపోతే కొత్తది వేయాలి గాని, మన ఊళ్లో ఎండలెక్కువని తీసి పారేయకూడదు.

దారి చూపింది పుత్లీబౌలి దగ్గర చిన్న షెడ్డు నడిపే ఒక పెద్దాయన. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. స్పానర్ పట్టుకోకముందే ఒక ప్రశ్న వేశారు. "పొద్దున బండి చల్లగున్నప్పుడు డబ్బాల ఎంతుంది, రేడియేటర్ల ఎంతుంది? రెండూ చూసినవా భాయ్?" నేను ఎప్పుడూ డబ్బానే చూశాను, రేడియేటర్ మూత తీసి చూసిందే లేదు. మర్నాడు చూస్తే డబ్బా అంచుదాకా నిండుగా ఉంది, రేడియేటర్ మాత్రం రెండు అంగుళాలు వెలితి. జబ్బు ఎక్కడుందో అక్కడే తేలిపోయింది.

ఎలాగంటే, వేడెక్కిన కూలెంట్ ఉబ్బుతుంది. పది లీటర్ల బండిలో మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగినది రేడియేటర్ మూతలోని పెద్ద స్ప్రింగును ఎత్తుకుని, సన్న పైపు గుండా డబ్బాలోకి పోతుంది. ఇంజన్ చల్లారేటప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, మూత మధ్యలో ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని, అదే కూలెంట్ వెనక్కి రావాలి. నా బండిలో పోవడం ఉంది, రావడం లేదు. రోజూ కొంచెం డబ్బాలోకి చేరి, అది నిండి, ఒక రోజు పొర్లింది. నేనేమో రేడియేటర్ వెలితి తెలియక డబ్బాలోనే పోస్తూ వచ్చాను.

మూత మార్చాను. అయినా తగ్గలేదు. ఉస్తాద్ సన్న పైపును చేత్తో వంచి చూపించారు. నిపుల్ మీద ఎక్కే చోట వెంట్రుకంత పగులు. తోసేటప్పుడు రెండు చుక్కలు కారుతుంది, పీల్చేటప్పుడు కూలెంట్‌కి బదులు గాలి లాగుతుంది. వంద రూపాయల లోపు పైపు, రెండు క్లిప్పులు. దానికోసం ఇంజన్ విప్పించబోయాను. ఆ పైపు కింది కొస డబ్బా అడుగున మునిగి ఉందో లేదో కూడా చూడండి. కొస పైన తేలుతుంటే మళ్లీ గాలే లాగుతుంది.

మూత గురించి ఒక మాట. రాణీగంజ్‌లో ఏ షాపులో అడిగినా ఒక మూత చేతిలో పెడతారు, చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ మూత కూర్చునే రేడియేటర్ మెడ లోతు బండిబండికీ వేరు. పొట్టి మూత వేస్తే స్ప్రింగు అడుగు సీటు మీద ఆనదు, ప్రెషర్ నిలవదు. పాత మూత తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి కొలవండి, పైన రాసిన అంకె కూడా చూడండి. నాది 0.9 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత). హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ 0.9 బార్ ఒత్తిడి నిలిస్తే 118 దాకా మరగవు, సగం కూలెంట్ కలిసి ఉంటే ఇంకా పైకి పోతుంది. పొంగుతోంది కదా అని ఎక్కువ బార్ మూత బిగిస్తే బలహీనంగా ఉన్న పాత హోసో, రేడియేటర్ అతుకో తెగుతుంది.

రెండోసారి 2016లో. ఈసారి లక్షణం వేరు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు నడిపినా ఏమీ లేదు. కొండ దారిలో లో గేర్‌లో నడక వేగంతో ఎక్కుతుంటే మాత్రం ముల్లు లేచి డబ్బా బుసకొట్టేది. స్పీడులో ఎదురుగాలి చల్లబరుస్తుంది, నెమ్మదిగా పోయేటప్పుడు ఫ్యానే దిక్కు. వేడి ఇంజన్ ఆపి ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పితే గిర్రున తిరిగింది. వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను ఇంజన్‌తో పాటు తిప్పే విస్కస్ క్లచ్‌లో సిలికాన్ నూనె కారిపోయింది. బాగున్నది బరువుగా కదలాలి. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఎర్రమట్టి కూడా అట్టలు కట్టింది. ముందునుంచి చూస్తే కనబడదు, రెండింటినీ విడదీస్తేనే తెలుస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, రేడియేటర్ మీది సన్న రేకులు (ఫిన్నులు) పడుకుంటాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకు, మామూలు పైపు నీళ్లతో ఓపిగ్గా కడిగించాలి. ఆ రోజుల్లోనే ఒకసారి ముల్లు ఎరుపులోకి వెళ్లినా, చీకటి పడుతోందని నాలుగు కిలోమీటర్లు నడిపాను. దానికి తర్వాత మూల్యం కట్టాను.

రేడియేటర్ లోపల పేరుకునే మురికి కథ వేరు. దారిలో తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసేవాణ్ణి. మన దగ్గర బిందెల అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. రేడియేటర్ పైటాంకు విప్పించి గొట్టాల్లో రాడ్ కొట్టిస్తే పొరలుపొరలుగా రాలింది. ఆ రోజు నుంచి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. రెండేళ్లకోసారి మొత్తం మార్పు. ఒక రకం మీద ఇంకో రకం పోయను.

మూడోసారి 2021లో. ఈసారి నిజంగానే హెడ్ గ్యాస్కెట్. పాత ఎరుపు ముల్లు ప్రయాణమే దాన్ని బలహీనపరిచిందని నా నమ్మకం. రాత్రంతా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే, వేడెక్కకముందే, పై హోస్ రాయిలా గట్టిపడింది. డబ్బాలో ఆగకుండా బుడగలు. కూలెంట్ వేడికి ఉబ్బే వేళ కాదు కాబట్టి ఆ ఒత్తిడి సిలిండర్‌లోంచి వచ్చే గ్యాసుదే. ఉస్తాద్ రేడియేటర్ మెడ మీద నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి గాలి లాగితే రంగు మారిపోయింది. ఆ పరీక్ష చేయకుండా హెడ్ విప్పుతానన్నవాళ్లకి బండి ఇవ్వకండి. హెడ్ దించి, దాని అడుగును చదును చేసే ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో వరుస ప్రకారం బిగించాం. వాటర్ బాడీ (నీళ్ల పంపు) కూడా అప్పుడే మార్చేశాం. నాకైన పెద్ద ఖర్చు ఇదే. 2013లోనే విప్పించి ఉంటే ఆ డబ్బంతా వృథా అయ్యేది.

కూలెంట్ నింపేటప్పుడు గాలి లోపల చిక్కుకుంటే మంచి బండి కూడా పొంగుతుంది. నేను మా వీధి చివరి ఎత్తులో ముక్కు పైకి ఉండేలా ఆపి, హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి, ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి స్టార్ట్ చేస్తాను. వాల్వు తెరుచుకుని మట్టం దిగేదాకా ఐడిల్‌లో ఉంచి నింపుతాను. డబ్బాలో మాత్రం రెండు గీతల మధ్యకే. పైదాకా నింపితే ఉబ్బినది పోవడానికి చోటుండదు, అదొక్కటే కారణంగా బెంగపడి షెడ్డుకొచ్చిన బళ్లు రెండు చూశాను. కొండ దిగి రాగానే ఇంజన్ ఆపేయను, రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచుతాను. వేడి మీద మూత జోలికి పోవద్దు. నా స్నేహితుడు చెయ్యి కాల్చుకుని నెల రోజులు కట్టుతో ఉన్నాడు.

కింద పడ్డ కూలెంట్‌ను అలా వదిలేయకండి. అది విషం, తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకుతాయి. మా ఇంటిముందు పడినప్పుడు ఇసుక చల్లి ఊడ్చి సంచిలో కట్టి, ఆ చోటంతా నీళ్లు కొట్టి కడిగేవరకు లోపలికి వెళ్లను.

ఇలాంటి బండి మళ్లీ కొంటారా అంటే తప్పకుండా కొంటాను. అయితే బేరమాడేముందు చల్లటి ఇంజన్ మీద మూత తీసి చూస్తాను. ప్రెషర్ పంపు తగిలించి 0.9 బార్ పది నిమిషాలు నిలుస్తుందో లేదో చూస్తాను. 2021 తర్వాత డబ్బా మళ్లీ పొంగలేదు. పక్కన నెయిల్ పాలిష్‌తో గీసిన గీత దగ్గరే మట్టం నిలుస్తోంది, ప్రతి ఆదివారం బయల్దేరేముందు చూస్తాను. కింది హోస్ నొక్కితే ఈమధ్య మెత్తగా తగులుతోంది, వచ్చే మార్చిలోపు దాన్ని మార్పించాలి.