ఎక్మో, కార్బన్ డయాక్సైడ్ తొలగింపు యంత్రం: పనితీరులో తేడా

వెంటిలేటర్ కూడా చాలనంతగా ఊపిరితిత్తులు దెబ్బతిన్న రోగికి వాడే ఎక్మో, నిమిషానికి 3 నుంచి 6 లీటర్ల రక్తాన్ని పెద్ద గొట్టాల ద్వారా బయటకు తీసి, సన్నని బోలు పోగుల మధ్యగా పంపి, ఆక్సిజన్ నింపి తిరిగి సిరలోకి చేరుస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే తొలగించే యంత్రానికి అర లీటరుకు అటూఇటూగా ప్రవాహం చాలు. ఆ వాయువు రక్తం నుంచి తేలిగ్గా బయటపడుతుంది గనుక సన్నని గొట్టమే సరిపోతుంది, కానీ ఆక్సిజన్ కొరతను అది తీర్చలేదు.

చూడటానికి రెండోదే సురక్షితమనిపిస్తుంది. అయితే బ్రిటన్‌లో 412 మందిపై జరిగి 2021లో వెలువడిన ‘రెస్ట్’ అనే వైద్య పరీక్షలో, దీన్ని వాడినవారిలో 90 రోజుల మరణాలు 41.5 శాతం, వాడనివారిలో 39.5 శాతం, పైగా వాడినవారిలో 9 మందికి మెదడులో రక్తస్రావమైంది. 2018 నాటి ఇయోలియా పరీక్షలో 60 రోజుల మరణాలు ఎక్మో బృందంలో 35 శాతం, వెంటిలేటర్ బృందంలో 46 శాతం. రోగుల తీవ్రత వేరు కనుక ఈ రెండు పరీక్షల అంకెలను నేరుగా పోల్చకూడదు. ఇయోలియాలోని తేడా గణాంకపరంగా నిర్ధారణ కాలేదన్నది నిజమే, కానీ వెంటిలేటర్ బృందంలో 28 శాతం మందిని చివరకు ఎక్మోకు మార్చవలసి రావడం వల్ల ఆ తేడా తగ్గి కనిపించి ఉండవచ్చన్నది విస్మరించలేము. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయిన రోగికి, అనుభవమున్న బృందం అందుబాటులో ఉంటే, ఎక్మోనే ఎంచుకోవాలని, రెండో యంత్రాన్ని ప్రస్తుతానికి పరిశోధనల పరిధిలోనే ఉంచాలని నా అభిప్రాయం.