మూడేళ్లుగా నా డిక్కీలో ఉన్న క్లాంప్ మీటర్

కొత్త బ్యాటరీ వేయించిన వారం తిరక్కుండానే ఈ మీటర్ కొన్నాను. ఆ ఆదివారం పొద్దున విశాఖ సాగర్ నగర్‌లో మా ఇంటి ముందు కారు స్టార్ట్ బటన్ నొక్కితే టకటకమని చప్పుడు తప్ప సెల్ఫ్ తీసుకోలేదు. పాత బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. షాపతను "పోయింది సార్, కొత్తదేస్తే అయిపోద్ది" అన్నాడు, వేయించేశాను. తర్వాత నాలుగు రోజులు కారు తియ్యలేదు. అయిదో రోజు మళ్లీ అదే టకటక. మల్టీమీటర్ పెడితే 11.8 వోల్టులు. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ కారు ఆపిన కొన్ని గంటల తర్వాత 12.6 దగ్గర ఉండాలి, 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. 11.8 అంటే అడుగంటినట్టే. బ్యాటరీ తప్పేం లేదు, కారు ఆపేశాక ఏదో దాన్ని తాగుతోంది.

మొదట ఇంట్లో ఉన్న మల్టీమీటర్‌తోనే కరెంటు కొలుద్దామని నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి మధ్యలో పెట్టాను. మా బావమరిది సాయానికి వచ్చి, అలవాటు చొప్పున స్టార్ట్ బటన్ నొక్కాడు. మీటర్ లోపలి 10 ఆంప్స్ ఫ్యూజ్ ఎగిరిపోయింది. "నేనేం చేశాను బావా?" అని అమాయకంగా అడిగాడు. పైగా టెర్మినల్ ఊడదీసినందుకు గడియారం, కిటికీల ఆటో సెట్టింగు అన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. అందుకే క్లాంప్ మీటర్ మీద పడ్డాను. టెర్మినల్ ముట్టుకోనక్కర్లేదు, వైరు చుట్టూ దవడ తగిలిస్తే చాలు.

కొనేముందు రెండు సంగతులు చూసుకోండి. ఇళ్లలో ఎలక్ట్రీషియన్లు వాడే క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ కరెంటు తప్ప అంతుపట్టదు. కారులో ఉండేది డీసీ. డీసీ అని రాసున్నా, 600 ఆంప్స్ దాకా కొలిచే పెద్ద మీటర్లు 0.1 ఆంప్ కంటే చిన్నది సరిగ్గా చూపించవు. మనం వెతికేది మిల్లీ ఆంప్స్‌లో. ఆపేసిన కారు మామూలుగా 50 మిల్లీ ఆంప్స్, అంటే 0.05 ఆంప్ లోపే లాగాలి. నాది 100 ఆంప్స్ దాకా కొలిచే చిన్నది, అందులో 2 ఆంప్స్ రేంజ్ కూడా ఉంది, అక్కడ పెడితే 1 మిల్లీ ఆంప్ దాకా చూపిస్తుంది.

ఇక దొంగను పట్టిన రాత్రి. బానెట్ ఎత్తి, డ్రైవర్ డోరు తెరిచే ఉంచి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కాను, డోరు వేసే ఉందని కారు నమ్మాలిగా. తాళం ఇంట్లో పెట్టొచ్చాను. అది జేబులో ఉంటే కారు మాటిమాటికీ ఉలిక్కిపడి లేస్తుంది. నెగెటివ్ టెర్మినల్ నుంచి రెండు వైర్లు వెళ్తుంటే రెండింటినీ కలిపి దవడలో పట్టాలి, ఒకటి వదిలేస్తే లెక్క తప్పుతుంది. ముందు 4 ఆంప్స్ పైన చూపించింది. కంగారు పడకండి, కారు ఆపిన వెంటనే లోపలి కంప్యూటర్లన్నీ ఇంకా మేలుకునే ఉంటాయి. ఒక్కొక్కటే పడుకుంటాయి, కొన్ని కార్లలో అరగంట పైనే పడుతుంది. మా కారులో పది నిమిషాలకి 1.1కి దిగింది, ఇరవై నిమిషాలకి 0.38. అక్కడ ఆగిపోయింది. నలభై నిమిషాలైనా 0.38 దగ్గర్నుంచి కదలదు. దోమలు మాత్రం బాగా కదిలాయి.

0.38 చిన్న అంకెలాగే ఉంటుంది. రోజుకి 24 గంటలు వేసుకుంటే 9 ఆంపియర్ అవర్స్ దాటుతుంది. నా బ్యాటరీ మొత్తం 45. నాలుగు రోజులకి 36 పోయింది. లెక్క అణాపైసలతో సరిపోయింది.

ఏ సర్క్యూట్టో తేల్చడానికి ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకడం పాత పద్ధతి. కొత్త కార్లలో ఫ్యూజు పీకి పెడితే నిద్రపోయిన మాడ్యూల్, అంటే ఆ లోపలి కంప్యూటర్, లేచి కూర్చుంటుంది, మళ్లీ అరగంట జాగారం. దాని బదులు మీటర్‌ను మిల్లీవోల్టుల్లో పెట్టి, ఫ్యూజు నెత్తిమీద కనిపించే రెండు లోహపు చుక్కలకి మొనలు తాకించాలి. కరెంటు పోని ఫ్యూజు సున్నా చూపిస్తుంది. 10 ఆంప్స్ మినీ ఫ్యూజు మీద 0.1 మిల్లీవోల్టు అంటే సుమారు 13 మిల్లీ ఆంప్స్ పోతున్నట్టు. ఆడియో ఫ్యూజు దగ్గర దాదాపు 3 మిల్లీవోల్టులు వచ్చింది. స్టీరియో బిగించిన కుర్రాడు పని తొందరగా తెమలాలని ఎర్రవైరూ పసుపు వైరూ కలిపి ఎప్పుడూ పవర్ ఉండే దానికే ముడేశాడు. తెర ఆరిపోయినా పెట్టె లోపల మేలుకునే ఉంది. ఎర్రవైరు విడదీసి, కారు ఆన్ చేసినప్పుడే పవర్ వచ్చే వైరుకి కలిపాక మీటర్ 0.02 చూపించింది.

తర్వాతి ఏడాది వానల్లో డాష్‌బోర్డు మీద ఏబీఎస్ (బ్రేకులది), ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ హెచ్చరిక లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి. కారు లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0562, అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ, దాంతోపాటు ఏబీఎస్‌తో మాట తెగిందని యూ0121. ఒక వర్క్‌షాపులో ఏబీఎస్ మాడ్యూలే మార్చాలన్నారు, ఎస్టిమేట్ చూస్తే కళ్లు తిరిగాయి. సంబంధం లేని లైట్లు మూడు కలిసి వెలిగితే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌ని, అంటే అన్నిటి కరెంటూ బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారిని. బ్యాటరీ నెగెటివ్‌కి ఒక మొన, ఇంజిన్ లోహానికి ఒకటి పెట్టి సెల్ఫ్ కొట్టించాను. 0.2 వోల్టు దాటకూడదు, 0.9 వచ్చింది. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుం. రోజూ సముద్రపు గాలికి నిలబడే కారు మరి. గరుకు కాగితంతో రుద్ది, వాసెలిన్ పూసి బిగించాను. మొత్తం ఖర్చు టీ డబ్బులంత. అది జరిగి ఏడాదిన్నర, ఆ లైట్లు మళ్లీ వెలగలేదు. ఇందులో క్లాంప్ పాత్ర ఏమీ లేదు, మామూలు వోల్టు మీటర్ సరిపోయేది.

ఆ కోడ్లు చదవడానికి కొన్న బ్లూటూత్ ముక్కని, కారులో స్కానర్ తగిలించే పోర్టులోనే వదిలేసి వారం హైదరాబాద్ వెళ్లొచ్చాను. వచ్చేసరికి బ్యాటరీ నీరసం. ఆ పోర్టులో 16వ పిన్నుకి ఎప్పుడూ పవర్ ఉంటుంది. దొంగను పట్టడానికి పెట్టిన కాపలావాడే దొంగయ్యాడు. ఇప్పుడు పని కాగానే పీకేస్తాను.

మీటర్ లోపాలూ చెప్పాలి. ఎండలో వేడెక్కితే సున్నా జరుగుతుంది. దవడను కాస్త తిప్పినా 10, 15 మిల్లీ ఆంప్స్ తేడా చూపిస్తుంది. అందుకే వైరు పక్కనే అదే కోణంలో పట్టుకుని జీరో నొక్కాలి. కారు నిద్రపోయేదాకా ఆగుతామా, మీటర్ మనకంటే ముందే తనంతట తాను ఆగిపోతుంది, లేపితే మళ్లీ జీరో చెయ్యాలి. సెల్ఫ్ మోటార్ లాగే కరెంటు దీని 100 ఆంప్స్ హద్దుకి మించినది. తెర వెనుక లైటు మూడో ఏడు మసకబారింది, సెల్లార్లో ఫోన్ టార్చ్ పట్టుకోవాల్సి వస్తోంది.

బ్యాటరీ నాలుగైదేళ్లు వాడి, బయట యాక్సెసరీ ఒక్కటీ పెట్టించని వాళ్లకి ఇది అక్కర్లేదు. డాష్‌క్యామ్, ట్రాకర్, స్టీరియో, వీటిలో ఒక్కటైనా బిగించి ఉంటే, ఆ పని చేసిన వారంలోపే ఒకసారి కొలుచుకోండి. మా బావమరిది ఇప్పుడు మధురవాడ నుంచి అప్పుడప్పుడూ దీనికోసమే వస్తాడు. స్టార్ట్ బటన్ జోలికి మాత్రం పోడు.